బాయిల ఉన్నోనికి భరోసా

గోదావరిఖనిలో పొద్దటి షిఫ్టుకు ఒకన్న క్యాప్ ల్యాంపు తలకు బిగించి సింగరేణి బొగ్గుబాయిలోకి దిగుతాడు. ఊళ్లో ఆయనకున్న మూడెకరాల్లోకి అదే పొద్దున కౌలుదారు దిగుతాడు. ఒకరు భూమి అడుగున, ఒకరు భూమి మీద. ఇద్దరిలో రైతు ఎవరయ్యా అని సర్కారును అడిగితే, అడుగున ఉన్నాయనే అంటుంది! ఎకరానికి 6 వేల చొప్పున పంటకు 18 వేలు ఆయన ఖాతాలోనే పడతాయి. బాయిలోకి ఫోన్ తీసుకుపోవద్దు కాబట్టి, తాను రైతునన్న సంగతి పాపం ఆయనకు డ్యూటీ దిగినాకే తెలుస్తుంది.

అన్నను అనేదేం లేదు. పాసుబుక్కుంది, పైసలొచ్చాయి. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైన నాటి నుంచీ చుట్టరికమంతా పాసుబుక్కుతోనే. పంటకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. 2025 జనవరి 26న రైతు భరోసా అని పేరు మార్చుకొని 6 వేలైంది. ఎన్నికలప్పుడు చెప్పింది ఏడాదికి 15 వేలు, చేతికొచ్చేది 12 వేలు. మిగతా మూడు వేలను బ్లాస్టింగుందని దారిలో ఎక్కడో ఆపేసుంటారు. కౌలుదారుకూ ఇస్తామన్న మాట ఆ వెనకాలే క్యూలో ఉంది.

కొత్త నిబంధనల్లో గనులు, లేఅవుట్లు, రోడ్లు, గుట్టలు తీసేశారు. మంచిదే. ఓపెన్ కాస్టు మింగిన చెల్కకు పంట సాయమేమిటి? భూమి సాగులో ఉందా అని ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు, సాగు చేసేదెవరని మాత్రం అడగలేదు. అడిగితే చెప్తారని భయం కాబోలు.

ఆ చెప్పే మనిషి, ఓపెన్ కాస్టు తవ్విపోసిన ఓబీ మట్టిగుట్ట పక్కన పత్తి చేలో ఉంటాడు. మధ్యాహ్నం బ్లాస్టింగు కాగానే ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది, వేలితో గీస్తే గీత పడేంత. రామగుండంలోనే తయారయ్యే యూరియా బస్తా కూడా ఆయనకు షావుకారు అప్పు మీదే ఇంటికొస్తుంది, ఎందుకంటే బ్యాంకువాళ్లు పాసుబుక్కు చూపమంటారు. ఇలాంటివాళ్లకు రుణ అర్హత కార్డులియ్యాలని 2011లో చట్టమే చేశారు. చట్టం చావలేదు, కార్డులే పుట్టడం మానేశాయి. రైతు బీమా 5 లక్షలూ పట్టా ఉన్నవాడి కుటుంబానికే. చావుక్కూడా పాసుబుక్కు కావాలన్నమాట.

సింగరేణిలో మస్టర్ పడనిదే జీతం రాదు. చేలల్లోనూ మస్టర్ పెట్టండి, పొద్దున దిగినోడి పేరే రాయండి అంటే నాయకులు నవ్వేస్తారు. పట్టాదారు నారాజైతే ఓట్లు పోతాయట. కౌలుదారుకు ఓటు లేదా? ఉంది. కానీ వాళ్లెందరో ఏ రిజిస్టరులోనూ లేదాయె, నారాజైనా తెలిసేదెట్లా?

సాయంత్రం డ్యూటీ దిగి అన్న చేను దిక్కు వచ్చాడు.

"పైసలు పడ్డయా అన్నా?"

"పడ్డయి తమ్మీ. సర్కారు పైసలొచ్చే భూమాయె, పక్కోళ్లంతా కౌలు రేటు పెంచిన్రు. వచ్చే ఏడు ఎకరానికి ఇంకో రెండు వేలు ఎక్కువియ్యాలె మరి."