కంట్లో మందు, చేతిలో స్క్రీన్‌షాట్

మైలాపూరు లజ్ దగ్గర కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కులో పొద్దున్నే రెండు పనులు జరుగుతాయి. కాళ్లు నడుస్తాయి, నోళ్లు తీర్పులు చెబుతాయి.

బెంచీ మీద నడిచే కేసు సాధారణంగా ఇలా ఉంటుంది. పెళ్లికొడుకుకి 27 ఏళ్లు, ఉద్యోగం భేషు, జాతకం కుదిరింది. ఇంతలో పెళ్లికూతురి మేనమామ తవ్వి తీస్తాడు: పదో తరగతిలో ఉండగా కుర్రాడు ఏదో కులాన్ని వెక్కిరిస్తూ ఫేస్‌బుక్‌లో పెట్టిన రెండు వాక్యాలు. పెద్దాయన ఆ స్క్రీన్‌షాట్‌ని రెండు వేళ్లతో సాగదీసి, తేదీ దగ్గర ఆగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "సంస్కారం లేదండీ" అంటారు. అంతే, సంబంధం తప్పిపోతుంది. అప్పీలుండదు.

ఇదే పెద్దాయన సాయంత్రం సభలో భారత ప్రవచనానికి వెళతారు. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ వస్తే తలూపుతారు కూడా. చేయని దొంగతనానికి శూలమెక్కిన ఆ ముని, ధర్మదేవత దగ్గరికి వెళ్లి ఇదేం న్యాయమని నిలదీశాడు. చిన్నప్పుడు గడ్డిపరకతో పురుగుల్ని గుచ్చావు కదా, దాని ఫలం అన్నాడు ధర్ముడు. పాత ఫైలు తీసి బల్ల మీద పెట్టినవాళ్లలో బహుశా ఆయనే మొదటివాడు. మాండవ్యుడు ఊరుకోలేదు. పద్నాలుగేళ్ల లోపు చేసినదేదీ పాపం కాదని హద్దు గీసి, ఆ హద్దు తెలియని ధర్ముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడు. సభలో పెద్దాయన "ఆహా" అంటారు. జేబులో స్క్రీన్‌షాట్ మాత్రం భద్రంగా ఉంటుంది.

మన పార్లమెంటు ఆ హద్దును పద్దెనిమిదికి జరిపింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 'కొత్తగా మొదలుపెట్టడం' అన్నదాన్ని ఒక సూత్రంగానే రాసుకుంది. పిల్లవాడి నేరం రుజువైనా అది తర్వాత ఉద్యోగానికీ చదువుకూ అనర్హత కాకూడదు, కొన్ని ఘోర నేరాలు మినహా రికార్డు చెరిపెయ్యాలి. ముగిసిపోయిన కేసు వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా పోలీసులు బయట పెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. అంటే దొంగతనం చేసిన పదహారేళ్లవాడికి మాఫీ ఉంది, వెటకారం చేసిన పదహారేళ్లవాడికి లేదు. ఆ రోజు రెండు వాక్యాలు రాసే బదులు సైకిలు ఎత్తుకుపోయి ఉంటే కుర్రాడి పెళ్లి అయిపోయేది.

మరి పెద్దలు జారితే? అందుకూ మైలాపూరులోనే ఉదాహరణ ఉంది. 2006లో ఇక్కడి నుంచి ఎమ్మెల్యే అయిన నాటక నటుడు ఎస్.వి. శేఖర్, 2018 ఏప్రిల్‌లో మహిళా జర్నలిస్టుల్ని కించపరిచే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. అప్పటికి వయసు 67. కంట్లో మందు వేసుకుని ఉండటంవల్ల చదవకుండా పంచుకున్నారని ఆయన తరఫు లాయరు 2023 ఆగస్టులో సుప్రీంకోర్టుకు విన్నవించారు. కోర్టు కేసు కొట్టెయ్యలేదు. 2024 ఫిబ్రవరిలో చెన్నై ప్రత్యేక కోర్టు నెల రోజుల జైలు, 15,000 రూపాయల జరిమానా వేసి, అప్పీలు కోసం శిక్షను నిలిపి ఉంచింది. పదహారేళ్లవాడు తెలిసే రాశాడు, 67 ఏళ్లాయన చదవకుండానే పంపారు! పాపం, కుర్రాళ్లకి ఆ వయసులో కంటిచుక్కలు రాసే డాక్టరు దొరకడు.

కుర్రాడి మాట తేలికైనదని కాదు. ఆ రెండు వాక్యాలు చదివి, మర్నాడు అదే క్లాసులో అతని పక్కన కూర్చున్న పిల్లవాడు ఒకడున్నాడు. శిక్ష పడాల్సింది అప్పుడు: హెడ్మాస్టరు పిలిపించాలి, ఆ పిల్లవాడి ఎదుట తప్పు ఒప్పుకోమనాలి. ఎవరూ పిలిపించలేదు. ఆ మాట అలాంటి కుర్రాళ్లకి సొంతంగా తోచదు మరి, ఇంట్లో పెరుగన్నంతోపాటు వడ్డించినదే. పదకొండేళ్ల తర్వాత ఆ మాటకి విలువ కట్టేది పెళ్లి బేరంలో మాత్రమే. నొప్పి తగిలినవాడికి అందులో చిల్లిగవ్వ ముట్టదు.

కొలత తెలిసి శిక్ష వేసినవాళ్లూ ఉన్నారు. 2021 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడుతున్న ఇంగ్లండ్ పేసర్ ఓలీ రాబిన్సన్ టీనేజీలో పెట్టిన జాతి, లింగ వివక్ష ట్వీట్లు మొదటి రోజే బయటపడ్డాయి. సాయంత్రానికి క్షమాపణ, ఆ మ్యాచ్ కాగానే సస్పెన్షన్. విచారణలో 8 మ్యాచ్‌ల నిషేధం, అందులో 5 రెండేళ్లపాటు అమలు వాయిదా, 3,200 పౌండ్ల జరిమానా. ఆగస్టుకి తిరిగొచ్చి మన మీదే నాలుగు టెస్టుల్లో 21 వికెట్లు తీశాడు. యావజ్జీవం వేసి ఉంటే బాగుండేదని అప్పుడు చేపాక్ వీరాభిమానులకు అనిపించి ఉంటే, అది నైతిక ప్రశ్న కాదు, స్కోరుబోర్డు ప్రశ్న.

పార్కులో ఎండెక్కుతుంది. పెద్దాయన ఇంటికొచ్చి డబరాలో కాఫీ తిరగబోస్తూ మనవణ్ణి పిలుస్తారు. పొరుగు మతంవాళ్ల గురించి శుక్రవారం వచ్చిందేదో బంధువుల గ్రూపుకి పంపారట, అల్లుడి ఆఫీసువాళ్లూ అందులో ఉన్నారట.

"తీసెయ్యరా నాన్నా, ఎవరికీ కనపడకుండా."

మనవడు ఫోను చూసి తిరిగిచ్చేస్తాడు. "రెండున్నర రోజులు దాటిపోయింది తాతయ్యా. ఇప్పుడు తీసేస్తే నీకొక్కడికే కనపడదు."