పన్నెండో ముక్క

మా పెరటి గుమ్మానికి తలుపు లేదు. ఒకప్పుడు ఉండేది. చెదలు తినేసిందని దాన్ని ఊడదీసి, కొత్తది చేస్తానని 12 వేలు అడ్వాన్సు పుచ్చుకుని సంక్రాంతికి ముందు వెళ్లిన వడ్రంగి మేస్త్రి ఉగాది వెళ్లినా రాలేదు. ఫోను ఎత్తడా అంటే ఎత్తుతాడు, అదే వచ్చిన చిక్కు. ఎత్తి, ఎంతో ఆప్యాయంగా "కర్ర ఆరుతోందండీ" అంటాడు. అందాకా ఆ ఖాళీలో పాత ప్లైవుడ్ చెక్క నిలబెట్టి, రాత్రిళ్లు దానికి బియ్యం బస్తా చేరేస్తున్నాం. బియ్యం తగ్గేకొద్దీ మా భద్రత తగ్గుతోంది.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి మా మేనకోడలు వచ్చింది. ఆ పిల్లకి వారంలో అయిదు రోజులు కంప్యూటరు, రెండు రోజులు టారో. సంచిలోంచి పేక తీసి చాప మీద పరిచింది. మొత్తం 78 ముక్కలు. వాటిలో 56 మన పేక బాపతే. ఆటీను, ఇస్పేటుల బదులు కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు. జాకీకి తోడు గుర్రపు రౌతు ఒకడు అదనం. మిగతా 22 మాత్రం బొమ్మల కొలువు.

"దీంతో రమ్మీ ఆడొచ్చుటే?" అన్నాను.

"తప్పు మావయ్యా! మనసులో ఒక ప్రశ్న అనుకుని ఒక కార్డు తియ్యి."

మోక్షం గురించి అడుగుదామనుకున్నాను గానీ, సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఈదురుగాలి కొట్టింది. మేస్త్రి ఎప్పుడొస్తాడు అనుకుని ఒక ముక్క లాగాను.

"అయ్యో, ఉరి!" అంది మా ఆవిడ.

"ఉరి కాదత్తయ్యా. కట్టింది మెడకి కాదు, కాలికి."

"కాలికి కడితే మాత్రం శుభమేంటే?"

పన్నెండో నంబరు ముక్క, హ్యాంగ్డ్ మ్యాన్. గుంజ మీద అడ్డంగా దూలం, దానికి కుడికాలు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కుర్రాడు. ఎడమకాలు మడిచి వెనక్కి పెట్టాడు. నీలం చొక్కా, ఎర్ర లాగు, పసుపుపచ్చ జోళ్లు. చేతులు వీపు వెనక. తల చుట్టూ దేవుడి పటాల్లోలా కాంతివలయం. మొహంలో మటుకు బాధన్నది లేదు, మధ్యాహ్నం భోజనం అయ్యాక అరుగు మీద నడుం వాల్చినవాడి కళ ఉంది.

"ఆగమని దీని అర్థం మావయ్యా. నీ చేతిలో లేనిదాన్ని వదిలెయ్యి. ఇంకో వైపు నుంచి చూడు."

ఈ మాట మేస్త్రి మూడు నెలలుగా ఫోనులో చెబుతూనే ఉన్నాడు. పైగా చిలక జోస్యంలోనైతే ముక్క తీసిన చిలకకి ఒక వడ్లగింజయినా పెడతారు. ఇక్కడ ముక్క తీసిన చిలకని నేనే, గింజ మాత్రం లేదు.

అయినా ఆ కుర్రాణ్ణి ఎక్కడో చూసినట్టే అనిపించింది. తలకిందులుగా తపస్సు చేసినా నీకా సంబంధం కుదరదని మా తాతయ్య నన్ననేవాడు. నేను అలా చేసి చూడలేదు గనక ఆయన మాట అబద్ధమని రుజువు కాలేదు. చెట్టుకి తలకిందులుగా వేలాడేవాడు మనకి బేతాళుడు ఉండనే ఉన్నాడు. విక్రమార్కుడు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కేస్తాడు. నేను ఫోనులో నోరు విప్పగానే మా మేస్త్రి కూడా అంతే.

రాత్రి నిద్రపట్టక (బస్తా మీద పిల్లి కూర్చుంది) ఈ కుర్రాడి పూర్వాపరాలు చదివాను. మేనకోడలు తప్పన్నది గానీ, 15వ శతాబ్దంలో ఇటలీవాళ్లు ఈ పేక చేసుకుందే ఆడుకోవడానికి. ఇప్పుడు బోలెడు గూఢార్థం పలుకుతున్న పెద్ద ముక్కలు అచ్చంగా తురుపు ముక్కలు. మిలన్ ప్రభువులు వాటిని బంగారు రేకు అద్ది చేతితో రాయించుకున్నారు.

ఆ రోజుల్లో మన పన్నెండోవాడి పేరు ద్రోహి. ఇటలీ నగరాల్లో ద్రోహులు, మోసగాళ్లు, దివాలా తీసి ఉడాయించినవాళ్లు చేతికి దొరక్కపోతే, వాళ్ల బొమ్మల్ని తలకిందులుగా వేలాడుతున్నట్టు ఊరి గోడల మీద వేయించేవారట. మనిషి పారిపోయినా పరువు ఊళ్లోనే వేలాడుతుంది. ఫ్లోరెన్సులో 1440లో తిరుగుబాటుదార్లని ఇలా గోడకెక్కించిన ఆండ్రియా దెల్ కస్తాన్యో అనే చిత్రకారుడికి ఉరి బొమ్మల ఆండ్రియా అని పేరు స్థిరపడిపోయింది. 1478లో కుట్రదార్ల బొమ్మలు వేసే పని సాక్షాత్తూ బొత్తిచెల్లికే వచ్చింది. ఇది చదివాక నాకు నిద్ర బొత్తిగా పోయింది. మా రాజమండ్రిలో సినిమా పోస్టర్ల పక్కన ఎంత గోడ ఖాళీగా ఉందో లెక్కవేసుకుంటూ పడుకున్నాను.

తర్వాత 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు ఈ పేక ఈజిప్టు పూజారుల జ్ఞానభాండాగారమని తేల్చేశాడు. ఈజిప్టు బొమ్మలిపిని షాంపోలియన్ ఛేదించింది 1822లో. చదవడం రాకముందే భాష్యం రాసిన ధైర్యం ఆయనది. మన పన్నెండోవాడి దగ్గరకొచ్చేసరికి ఆయనకి అనుమానం వచ్చింది. ఇంతటి పవిత్ర గ్రంథంలో ఉరేమిటి? ముక్కలు అచ్చేసినవాడు తెలివితక్కువతనంతో బొమ్మని తలకిందులు చేసి ఉంటాడు. తిప్పి చూస్తే ఈయన ఒక కాలెత్తి, అడుగు ఎక్కడ వెయ్యాలా అని ఆలోచిస్తున్న వివేకమూర్తి!

లేచి వెళ్లి ముక్క తిరగేసి చూశాను. ఒట్టు, తలకిందుల తపస్సు కాస్తా ఒంటికాలి తపస్సు అయిపోయింది.

ఇప్పుడు అందరూ వాడే పేక 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే మార్మికుడు చెబితే, పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. వెయిట్ లెక్కలో వేలాడేవాడు సవ్యంగా వస్తే, అంటే తలకిందులుగా వస్తే, జ్ఞానం, త్యాగం, ముందుచూపు. తిరగబడి వస్తే, అంటే మనలాగా తిన్నగా నిలబడితే, స్వార్థం, గుంపు, రాజకీయం. ఈ ఒక్క చోట ఆయనతో నాకు పేచీ లేదు. గుంజ మీద ఆకులు చూశారా, అది ఎండిన కర్ర కాదు, ప్రాణమున్న కర్ర, కనక ఇక్కడున్నది చావు కాదు బతుకు అని కూడా ఆయన మురిసిపోయాడు.

పమేలా సంగతే నాకు మనసులో ఉండిపోయింది. 78 బొమ్మల్నీ కొద్ది నెలల్లో గీసిచ్చింది. పని కొండంత, డబ్బు గోరంత అని ఆ ఏడాదే ఒక ఉత్తరంలో వాపోయింది. 1951లో కార్న్‌వాల్‌లో పోయేనాటికి అప్పులే మిగిలాయి. పేక మీద చాలాకాలం వెలిగిన పేర్లు వెయిట్‌వీ రైడర్‌వీ. కొద్ది నెలల్లో 78 చేసిన మనిషి గతి అది, మూడు నెలల్లో ఒక్కటీ చెయ్యనివాడికి 12 వేలు ముందే అందాయి.

మర్నాడు పొద్దున్న మేస్త్రి వచ్చాడు. తలుపుతో కాదు, టేపుతో. కొలత మళ్లీ ఒకసారి చూసుకోవాలట. మేనకోడలు గర్వంగా నా వైపు చూసింది. మా ఆవిడ టీ ఇచ్చింది. తాగుతూ మేస్త్రి బల్ల మీదున్న ముక్క తీసి, మనిషిని వదిలేసి గుంజనే పరకాయించి చూశాడు.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"ఏం?"

"ఆకులు కూడా రాల్లేదు. పచ్చికర్రండి ఇది. ఎండేకొద్దీ వంకరపోద్ది, పగుళ్లిస్తది, దూలం పట్టు వదిలేస్తది. ఈ అబ్బాయి కింద పడతాడు." ముక్క జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "పాపం, ఎవరో బాగా తొందరపెట్టుంటారండీ."

మేనకోడలు ఫోను తీసి ఆ మాట రాసుకుంది.