పెదనాన్న చేతి మీది కత్తి

మా రోజుల్లో ఫొటోలో ఉన్నాయన ఏ పటాలమో తెలియాలంటే ఇంట్లో పెద్దవాళ్లను అడిగేవాళ్లం. చాలాసార్లు అడగక్కర్లేకుండానే తెలిసేది. పొద్దుగూకాక పెదనాన్న అరుగు మీద చుట్ట వెలిగించుకుని కూర్చుంటే, యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు పక్క ఊళ్లనుంచి ఒకరిద్దరు వచ్చి చేరేవారు. రంగూను, ఇంఫాలు, సైగాను అనే పేర్లు నేను మొదట విన్నది తిరువూరులో ఆ అరుగు మీదే. బళ్లో విన్నది ఆ తర్వాతే.

ఇప్పుడు ఆ అరుగూ లేదు, ఆ మనుషులూ లేరు. ఉన్నది గోడ మీద పెదనాన్న ఫొటో ఒక్కటే. పోయిన నెల మా మనవడు దాన్ని ఫోనుతో తీసి, రంగులద్ది, చుట్టాల గ్రూపులో పెట్టాడు. కింద "మన ముత్తాత హైదరాబాద్ రెజిమెంట్, ఇప్పటి కుమావూన్ రెజిమెంట్" అని రాశాడు. "ఎవరు చెప్పార్రా?" అంటే "ఫోనే చెప్పింది తాతయ్యా" అన్నాడు. సాయంత్రానికి అందరూ దండాలు పెట్టేశారు. ఒక్కరూ నన్ను అడగలేదు.

నాకు కడుపు రగిలిపోయింది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరుకే గానీ అందులో ఉన్నది కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945 అక్టోబరులో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మార్చేశారు. నైజాం సొంత సైన్యం వేరే. 1941 డిసెంబరులో జపానువాళ్లు మలయాలో కోట బారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాల మైదానానికి కాపలా ఉన్నది నైజాం పటాలమే. మన పొలిమేర దాటితే నైజామే, నిజమే. కానీ మన తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడినుంచి పోయినవాళ్లు ఎక్కువగా మద్రాసు పటాలాల్లో చేరారు. కొందరు మద్రాస్ సాపర్లు, కొందరు పయనీర్లు, కొందరు లారీ కంపెనీలు. మొదటి యుద్ధం తర్వాత రద్దయిన మద్రాస్ రెజిమెంట్ పటాలాలను 1941లో మళ్లీ లేపారు. ఈ ముక్క మా వీధిలో ఏ ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు.

అంతకంటే నా మనసు కష్టపెట్టింది ఆ రంగు. పెదనాన్న చొక్కా ఎడమ చేతి మీద, భుజానికి కాస్త కింద, చిన్న గుడ్డబిళ్ల ఉంది. ఫోను దాన్ని నీలం చేసి, లోపలున్న బొమ్మను పువ్వులాగా దిద్దింది. ఆ రోజుల్లో చిన్న స్టూడియోల్లో చాలాచోట్ల వాడిన ప్లేట్లకు ఎరుపు అందదు, నల్లగా పడుతుంది. నలుపూ నల్లగానే పడుతుంది. అంచేత రంగును బట్టి ఏదీ తేలదు, బొమ్మను బట్టే తేలాలి. ఆ బొమ్మనే చెరిపేశాక ఇంక ఏం మిగిలింది?

మేకు నుంచి ఫొటో తీసి, కిటికీ దగ్గర ఎండలో పెట్టి, భూతద్దం పట్టాను. పిడికిట్లో కత్తి. పిడికిలీ కత్తీ ఉన్న బిళ్లలు రెండు డివిజన్లకు ఉన్నాయి. 1941లో సికింద్రాబాద్‌లో లేపిన 19వ డివిజన్‌కు ఎర్రటి నేల మీద బాకు. 1942లో బెంగుళూరులో లేపిన 20వ డివిజన్‌కు నల్లటి నేల మీద వంపు కత్తి. బాకయితే తిన్నగా ఉంటుంది. పెదనాన్న చేతి మీదిది వంగి ఉంది. గోరంత వంపు, కానీ ఉంది. 19వ డివిజన్‌వాళ్లు 1945 మార్చిలో మాండలే పట్టుకున్నారు. 20వ డివిజన్‌వాళ్లు ఇంఫాల్ దగ్గర పోరాడి, ఐరావతి దాటి, జపాను లొంగిపోయాక సైగాన్ వెళ్లారు. అరుగు మీద విన్న సైగాను మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

అయినా అది డివిజనే. చేతి మీది గుడ్డబిళ్లను చూసి రెజిమెంట్ ఇదని తేల్చకూడదు. రెజిమెంట్ పేరు చెప్పేది భుజపట్టీ మీది ఇత్తడి అక్షరాలు. మా ఫొటోలో మొదట మద్రాస్ అని చదవొచ్చు, ఆ తర్వాత ఏమైనా ఉంటే అది మెడమీది నీడలో కలిసిపోయింది. సాపరో, మద్రాస్ రెజిమెంటో అక్కడ తెలిసేది. ఆ ఇత్తడి ముక్కలు చాలా ఏళ్లు మా ఇనప్పెట్టెలో ఉన్నాయి. పాత బట్టలతోపాటు స్టీలు సామాన్లవాడికి పోయాయి. డిశ్చార్జి పుస్తకం చెదలు తినేసింది. ఫొటో అట్ట వెనక స్టూడియో పేరు, ఊరి పేరు అచ్చు వేసి ఉండేవి. కొత్త ఫ్రేము కట్టినవాడు ఆ అట్టను కత్తిరించి పారేశాడు. అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

పతకాలు మాత్రం అక్కయ్య కొడుకు దగ్గర ఉన్నాయని విన్నాను. మన సిపాయిలకిచ్చిన వాటి మీద పేరూ నంబరూ చెక్కేవారు. నంబరు దొరికితే బెంగుళూరులోని సాపర్ల కేంద్రానికో, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ కేంద్రానికో ఉత్తరం రాయొచ్చు. మనవణ్ణి పిలిచి, ఆ రంగుల బొమ్మ తీసెయ్యమన్నాను. భూతద్దం చేతికిచ్చి వంపు చూపించాను. చాలాసేపు చూసి, "అవును తాతయ్యా, వంగే ఉంది" అన్నాడు. ఆదివారం వాడు బండి తీస్తానన్నాడు, విస్సన్నపేట వెళ్లి పతకాలు చూసొస్తాం.