ముప్పై రోజుల పెళ్లిచూపులు

మీ ఇద్దరి మతాలు వేరు. అయినా పెళ్లి చేసుకోవాలనుకున్నారు. శుభం. ఎవరూ మతం మారక్కర్లేకుండా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చాలు. ఇంట్లో చెప్పే ధైర్యం లేదా? ఆ పని ప్రభుత్వం చూసుకుంటుంది.

మీలో ఒకరు పెళ్లి చేసుకోబోయే జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. తర్వాత మ్యారేజ్ ఆఫీసరుకు నోటీసివ్వాలి. పేరు, వయసు, ఉద్యోగం, చిరునామా గుండ్రంగా రాయండి, పెదనాన్న కళ్లజోడు లేకుండా చదవగలగాలి మరి. ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. స్థలం రిజిస్ట్రేషన్‌కొచ్చి సర్వర్ డౌనయి కూర్చున్న జనానికి కాలక్షేపం మీరే.

ఊరొదిలి హైదరాబాదులో చేసుకుందామంటారా? శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు నకలు అక్కడికీ వెళ్తుంది, అక్కడి బోర్డుకూ ఎక్కుతుంది. శుభలేఖల ఖర్చు మిగిలిందనుకోండి.

ఇక 30 రోజులు ఓపిక పట్టండి. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు, చుట్టమే కానక్కర్లేదు. మతం నచ్చలేదంటే చెల్లదు, నిజమే. వయసు, ఇదివరకే పెళ్లయి ఉండటం, నిషిద్ధ చుట్టరికం లాంటివే చెల్లుతాయి. కానీ విచారణకు మరో 30 రోజులు పట్టొచ్చు. అక్కసుతో పెట్టిందని తేలితే, పెట్టినవాడి చేత మీకిప్పించే పరిహారం వెయ్యి రూపాయలు దాటదు. 1954లో అది పెద్ద మొత్తమే. ఇవాళ పెళ్లి చెడగొట్టడం కంటే పెళ్లికెళ్లి చదివింపులివ్వడమే ఖరీదు.

మంత్రాలతోనో నిఖాతోనో జరిగే పెళ్లికి ఈ బోర్డు లేదు. ఎవరి మతంలో వాళ్లుండి చేసుకుంటామంటేనే సర్కారుకు ఊరందరి సలహా కావాలి.

2021లో అలహాబాద్ హైకోర్టు, జంట రాసిచ్చి కోరితేనే నోటీసు ప్రచురించాలంది. ఆ తీర్పు జిరాక్స్ తీసుకెళ్లండి. గుమాస్తా శ్రద్ధగా తిరగేసి, "ఇది యూపీదండీ" అని తిరిగిచ్చేస్తాడు.

భయపడి దాక్కుంటే మాత్రం నష్టం మీకే. నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే అది మురిగిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. ముగ్గురు సాక్షులు కూడా కావాలి. ముందే మాట్లాడిపెట్టుకోండి, బోర్డు చూసి వెతుక్కుంటూ వచ్చినవాళ్లలోంచి మాత్రం కాదు.