ముందు కాగితం, తర్వాతే కాలు

తైక్వాండో బెల్టులకి ముద్ర వేసే సియోల్ సంస్థ కుక్కివాన్ సర్టిఫికెట్ లేనివాళ్ళు ఇకమీదట జిల్లా సెలెక్షన్లకి కూడా రానక్కర్లేదట. శుభం. పదిహేనేళ్ళు నిండని పిల్లలైతే బ్లాక్ బెల్టులో మెట్టయిన డాన్ బదులు, పిల్లలకిచ్చే పూమ్ కాగితం తెచ్చుకోవాలి. సియోల్ ముద్ర పడేదాకా కాలు ఎంత ఎత్తు లేచినా లెక్కలోకి రాదు. తైక్వాండో ప్రపంచ పోటీల్లో ఎప్పట్నుంచో ఉన్న నియమమేగా అంటున్నారు. ఆటగాళ్ళ ఒంటికి కట్టే ఎలక్ట్రానిక్ కవచానికి మాత్రం ఆ నియమం తెలీదు పాపం, తన్ను గట్టిగా తగిలితే పాయింటు ఇచ్చేస్తుంది.

క్రమశిక్షణంటే మాటలా? మొదటి డాన్ నుంచి రెండోదానికి ఏడాది ఆగాలి, అక్కణ్ణుంచి మూడోదానికి రెండేళ్ళు. అలా పెరుగుతూ పోయి ఎనిమిది నుంచి తొమ్మిదికి తొమ్మిదేళ్ళు. మొత్తం కూడితే 38 ఏళ్ళు. గుమాస్తాగా చేరి పెన్షన్ పుచ్చుకునేంత కాలం.

పుతిన్ గారికి ఒక్క పూట పట్టింది. 2013 నవంబరులో సియోల్ వెళ్తే చేతికి గౌరవ తొమ్మిదో డాన్ ఇచ్చి పంపారు. ఆయన నేర్చిందేమో జూడో. ట్రంప్ గారికి ఆ ప్రయాణమూ తప్పింది. 2021 నవంబరులో కుక్కివాన్ అధ్యక్షుడే ఫ్లోరిడాలో ఆయన బంగళాకి వెళ్ళి బెల్టు అందించి వచ్చాడు.

గౌరవానికిచ్చింది, పోటీకి కాదుగా అంటారు. గౌరవించాలంటే తెల్ల బెల్టు ఇవ్వొచ్చుగా, రేపట్నుంచి క్లాసుకి రమ్మని!

ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన ఐదో రోజున, 2022 ఫిబ్రవరి 28న, పుతిన్ బెల్టు వెనక్కి తీసుకున్నారు. 2014లో క్రిమియాని మింగినప్పుడు అదే బెల్టు నడుముకి బాగానే నప్పింది మరి.

కరాటే మాట ఎత్తను. ఎవరి సంఘం వాళ్ళది, ఎవరి పదో డాన్ వాళ్ళది.

నవ్వింది చాలు. కరాటేయే కాదు, మన తైక్వాండోలోనూ ఒక సంఘం ముద్ర ఇంకో సంఘానికి చెల్లదు. గుర్తింపు ఎవరిదో కోర్టులో తేలేలోపు పిల్లల వయసు విభాగం దాటిపోతుంది. మాస్టారిని మారిస్తే మళ్ళీ టెస్టు, మళ్ళీ ఫీజు. ఆటో తోలే తండ్రి అప్పుచేసి కట్టాలి, కట్టలేకపోతే కూతుర్ని మాన్పించాలి. బరిలో ఓడిపోతే ఆ పిల్ల ఏడ్చి ఊరుకుంటుంది. బరిలోకే రానివ్వకుండా గుమ్మం దగ్గర ఆపేవాళ్ళకి సిగ్గుండక్కర్లేదా?

మా మేనకోడలికి టెస్టు ఫీజు నేనే కట్టాను, నగదుగా. కాగితం లేనిదే పిల్ల ముఖం చూడనన్న పెద్దమనిషి, రసీదు అడిగేసరికి నొచ్చుకున్నాడు.