సెలవుచీటీకి టీకా తాత్పర్యము

మూలము: రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ ఎస్టర్‌డే.

ప్రతిపదార్థము: రెస్పెక్టెడ్ సర్ = పూజ్యులైన హెడ్మాస్టరు గారూ; ఐ = నేను (ఏడో తరగతి, బి సెక్షన్, వెనక బెంచీ); బెగ్ టు స్టేట్ దట్ = మనవి చేసుకొనునది ఏమనగా; సిన్స్ ఎస్టర్‌డే = నిన్నటి నుండి; ఫ్రమ్ ఫీవర్ = జ్వరముచేత; యామ్ సఫరింగ్ = బాధపడుచున్నాను.

తాత్పర్యము: ఇవాళ బడికి రాను.

విశేషములు: దోషమంతా క్రియలో ఉంది. జ్వరం నిన్న మొదలైంది, ఇవాళా ఉంది. తెలుగులో ‘నిన్నటి నుంచి’ అనేస్తే చాలు, క్రియ వర్తమానంలో హాయిగా కూర్చుంటుంది. ఇంగ్లీషు క్రియకు ఆ సుఖం లేదు. నిన్నటి మొదలు, ఇవాళ్టి మూలుగు రెండూ తానే మోయాలి. అందుకని ‘హ్యావ్ బీన్ సఫరింగ్’ అన్నదే సాధువని రెన్ అండ్ మార్టిన్ సంప్రదాయం.

ఆక్షేపము: ‘సఫర్డ్’ అనరాదా? అనవచ్చు. అప్పుడు జ్వరం తగ్గిపోయినట్టే. సంచీ తగిలించుకుని బయల్దేరాలి. పోనీ, ‘సఫర్’? అది నిత్యం ఉండే జ్వరం. భూత భవిష్యద్వర్తమానాలకు తోడు తద్ధర్మమని ఒకటుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) చెప్పనే చెప్పాడు. సూర్యుడు తూర్పున ఉదయించును, వీడికి జ్వరము వచ్చును. అటువంటివాడికి కావలసింది సెలవు కాదు, ఆస్పత్రి. ‘విల్ సఫర్’ అనడం సత్యానికి దగ్గర, ఎందుకంటే క్రికెట్ మ్యాచ్ మధ్యాహ్నం గాని మొదలు కాదు. లౌక్యానికి మాత్రం బహుదూరం.

నన్నడిగితే ఇక్కడ పాణినీయమే శరణ్యం. చెప్పేవాడు కళ్లారా చూడని భూతకాలానికి పాణిని ప్రత్యేకంగా లిట్ లకారం పెట్టాడు. ఈ జ్వరాన్ని ఎవరూ చూడలేదు, రాసినవాడితో సహా. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేకపోవడం విద్యార్థిలోకానికి తీరని లోటు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ‘సిన్స్ టూ డేస్’ అని కనబడుతుంది. అది అపపాఠము. ‘సిన్స్’కు మొదలైన రోజు కావాలి, గడిచిన రోజుల లెక్కకు ‘ఫర్’ ఉంది. ఆఫీసు మెయిళ్లలో ఈ పాఠానికే ప్రచారమెక్కువ.

ఫలశ్రుతి: హెడ్మాస్టరు గారు క్రియ దాకా చదవరు. కింద తండ్రిగారి సంతకం ఉందో లేదో చూస్తారు. ఆ సంతకం ఎవరి దస్తూరీ అన్నది వేరే ప్రకరణము.