పిల్లి చర్మానికి మన మందుల డబ్బా వైద్యం

పిల్లి చెవి వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలి పొక్కు కట్టిందా? కంగారు పడి పశువుల ఆసుపత్రికి పరుగెత్తకండి. రెండు వారాలు ఊరుకోండి. ఈలోగా దాన్ని పిల్లల మంచం మీదే పడుకోనివ్వండి. పిల్లాడి మెడ మీద గుండ్రటి ఎర్రమచ్చ లేచిందంటే, పిల్లికి వచ్చింది తామరేనని తేలిపోయినట్టే. పరీక్ష ఖర్చు మిగిలింది.

అదే డాక్టరైతే చర్మం గీకి మైక్రోస్కోపు కింద పెడతాడు. చీకటి గదిలో ఊదారంగు దీపం వేసి వెంట్రుకలు పచ్చగా మెరుస్తాయేమో చూస్తాడు. తామరా, చెవి అంచున మొదలై మొహమంతా పాకే గజ్జా, పేలు కుట్టిన అలర్జీనా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. మనకు అంత తీరిక ఎక్కడిది? నిరుడు బాబాయిగారి దురదకు తెచ్చిన స్టెరాయిడ్ క్రీము డబ్బాలో ఉంది కదా, రాసేయండి. మూడో రోజుకల్లా ఎరుపు తగ్గుతుంది. కింద ఫంగస్ ఇంకో నాలుగు చోట్లకు పాకితే అది దాని సొంత వ్యవహారం.

కడగడానికి డెట్టాల్, చిక్కగా. మనిషి కాలేయం విరిచేసే ఇలాంటి మందుల్ని పిల్లి కాలేయం విరవలేదంటారు గానీ, పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి పైకి రాసిందే లోపలికీ పోతుంది. ఒక్క ఖర్చుతో రెండు వైద్యాలు!

పక్కింటి కుక్క మెడ మీద వేసే పిడుదుల మందు మిగిలితే అడిగి తెచ్చుకోండి. కుక్కకు పనిచేసింది పిల్లికి పనిచేయదా? అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి గంటల తరబడి వణుకుతుంది, ఫిట్లు కూడా వస్తాయి. చలేమో అనుకుని దుప్పటి కప్పండి.

బాధగా మూలిగితే పారాసిటమాల్. 500 ఎంజీ బిళ్ల ఒక్కటి చాలు. నిజంగానే చాలు, రెండోది వేసే అవసరం రాకపోవచ్చు. దాని రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. మందు ఒంటబట్టిందనడానికి ఇంతకన్నా గుర్తేం కావాలి?

ఇంట్లో ఎవరో మెత్తటి మనసున్నవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారే అనుకుందాం. ఇట్రాకొనజోల్ ఒక వారం వేసి, ఒక వారం ఆపి, అలా మూడు విడతలు వాడమని రాస్తాడు. మొదటి విడతకే నూగు వెంట్రుకలు కనిపిస్తాయి, అక్కడితో ఆపేయండి. నాకకుండా మెడకు తొడిగిన గరాటా కాలరు తలుపులకు తగులుకుంటోందని జాలేస్తే అదీ తీసేయండి. రాలిన వెంట్రుకల మీద తామర బీజాలు ఏడాదికి పైగా బతుకుతాయట. కాబట్టి పిల్లి పడుకున్న పరుపును వాక్యూమ్ చేయడం, దుప్పట్లు ఉతకడం వంటి వృథా శ్రమ పెట్టుకోకండి.

పరిస్థితి విషమించి రాత్రివేళ మళ్లీ ఆసుపత్రికి పోవాల్సి వస్తే మాత్రం, ఇంట్లో ఏమేం రాశారో, ఏమేం మింగించారో పొరపాటున కూడా నోరు జారకండి. అంత చదువు చదివాడు, ఆయన్నే కనుక్కోనివ్వండి.